కుడి చెవిలో కరకర

ఆడలేక మద్దెల ఓడు అన్న మాట ఎవరో ఒకరు అనేస్తారని గిటారిస్టు కరకర పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నాడు. ఎవరూ అనలేదు. అనకపోవడమే అతనికి ఎక్కువ గుచ్చుకుంది.

ఎర్ర గిటారు అదే. ముంజేయి రాసుకుని రాసుకుని రంగు లేచిపోయి లోపలి చెక్క బయటపడ్డ చోటుతో సహా అదే. కాలి కింద, మోతను గరుకు చేసే నారింజరంగు పెడల్ అదే. ఎదురుగా చిన్న సూట్‌కేసంత యాంప్లిఫయర్ కూడా అదే. వెనక గాజు వాల్వులు వేడెక్కి, గదిలో కాలిన దుమ్ము వాసన వేస్తోంది. వాయించే మనిషీ అతనే. మోత మాత్రం అది కాదు.

"ఇంకొక్కసారి అన్నా," అంది రికార్డిస్టు.

ఆ స్టూడియో నడిపే మనిషి ఆమె. మాట తక్కువ. యాంప్లిఫయర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, స్పీకరు గుడ్డ ముందున్న మైకును వెంట్రుకవాసి జరిపింది. అతను పాట మొదట్లో వచ్చే నాలుగు కార్డ్స్ కొట్టాడు, తీగలన్నీ ఒక్కో ఊపులో కలిసి మోగేలా. ఆమె తల అడ్డంగా ఊపింది. మైకును స్పీకరు అంచువైపు తిప్పింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి తల ఊపలేదు, అలాగని లేచి నిలబడనూ లేదు.

ఆ పాటతోనే అతనికి కరకర అన్న పేరొచ్చింది. కన్నవాళ్ళు పెట్టిన పేరు ఇప్పుడు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. బ్యాండులో ముగ్గురు. పాడేవాడు గొంతు, డ్రమ్స్ వాయించేవాడు డప్పు, గిటారు పట్టినవాడు కరకర. పాట అసలు టేపులు ఏదో గోడౌనులో తడిసి, బూజుపట్టి, ముద్దయిపోయాయి. వేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. మిగిలినవి గీతలు పడ్డ సీడీలే. "మనం ఉండగానే మళ్ళీ రికార్డు చేసేద్దాం రా," అని గొంతు అందర్నీ కూడగట్టాడు. డప్పు తన పని ఒక్క పూటలో ముగించుకుని వెళ్ళిపోయాడు. గొంతు పాడటం అయిపోయింది. మిగిలింది గిటారొక్కటే.

"పాతది ఒకసారి విందాం," అన్నాడు గొంతు అద్దం అవతల గదిలోంచి.

రికార్డిస్టు వెళ్ళి సీడీ వేసింది. కరకర గిటారు తీగల మీద అరచెయ్యి ఆనించి, ఊపిరి బిగబట్టి విన్నాడు. ఎన్నిసార్లు విన్నా అతనికి ఒళ్ళు జలదరించకుండా ఉండదు. ఆ మోత శుభ్రంగా ఉండదు. అలాగని రొద కాదు. ఎండిన రొట్టెను విరిచినట్టు ముందు పెళుసుగా విరుగుతుంది. ఆ విరిగిన చోటునుంచి ఏదో పెద్ద జంతువు నిద్రలేచి గుర్రుమన్నట్టు వస్తుంది. విరగడమూ గుర్రుమనడమూ ఒకే దెబ్బలో. దీన్ని నేనెలా చేశాను, అని అతనికి ప్రతిసారీ అనిపిస్తుంది. తన చేతి పనికి తనే దండం పెట్టాలనిపించడం సిగ్గుగా ఉంటుంది, కాబట్టి ఎవరితోనూ అనడు.

"దాదాపు వచ్చేసిందిరా," అన్నాడు గొంతు. "చాలావరకు వచ్చింది."

దాదాపు అన్న మాట ముల్లులా దిగింది.

రెండు గదులకూ మధ్య మాట వినిపించేందుకు అవతల బల్ల మీద ఒక మీట ఉంటుంది. గొంతు ముందుకు వంగినప్పుడు అతని మోచేయి దాని మీద ఆనింది. కరకర హెడ్‌ఫోన్లు ఇంకా తియ్యలేదు.

"వాడి చెయ్యి అయిపోయిందమ్మా," అంటున్నాడు గొంతు, మెల్లగా, ప్రేమగానే. "మనం చెప్పలేం. వాడు ఒప్పుకోడు. ఇంకో రెండ్రోజులు వాయించుకోనీ. తర్వాత నువ్వే కంప్యూటర్లో ఆ పెడల్ లాంటిదేదో పెట్టి అతికించెయ్. వాడికి చెప్పక్కర్లేదు."

"ఆయన పేరుతోనేనా?"

"పేరు వాడిదే ఉంటుంది. పేరుకేం?"

మోచేయి లేచింది, మాట తెగిపోయింది. కరకర తన వేళ్ళ వంక చూసుకున్నాడు. గోళ్ళ కింద మోటార్లకు పూసే వార్నిషు నల్లగా పట్టుకుని ఉంది. చూపుడువేలు కణుపు కొంచెం వాచిన మాట నిజమే. కోపం వస్తుందనుకున్నాడు. రాలేదు. గొంతు చెప్పింది నిజమేమోనన్న భయం దాన్ని రానివ్వలేదు.

*

మర్నాడు పొద్దున షాపు తలుపు సగమే ఎత్తి, బల్ల మీద మోటార్లు పక్కకు నెట్టి, అతను గిటారును విప్పాడు.

కింద వాటాలో అతని మోటారు వైండింగు షాపు, దాన్నానుకునే అక్క డ్రైవింగ్ స్కూలు. పైన ఇల్లు. అక్కా, బావా, తనూ. కాలిన మోటారులోంచి రాగితీగ లాగి, కొత్తది చుట్ట చుట్టి, వార్నిషు పోసి బతికించడం అతని పని. గిటారులో తీగల కింద ఉండే పికప్ కూడా అలాంటి చుట్టే. వెంట్రుక కంటే సన్నటి రాగితీగ, వేలసార్లు చుట్టింది. దాన్ని ఊడదీసి మీటరు కొసలు ఆనించాడు. ముల్లు ఎక్కడ ఆగాలో అక్కడే ఆగింది. చుట్ట బాగానే ఉంది.

పెడల్‌లో కొత్త బ్యాటరీ తీసి, అయిపోవచ్చిన పాతది పెట్టి చూశాడు. బ్యాటరీ నీరసిస్తే మోత ఇంకాస్త చిరుగుతుంది. చిరిగింది గానీ ఆ చిరుగు కాదు. కొత్త తీగలు తీసి పాతవి ఎక్కించాడు. మెరుపు తగ్గింది, అంతే. స్టూడియో నుంచి తెచ్చుకున్న యాంప్లిఫయర్‌ను వెనక్కి తిప్పి వాల్వులు ఒక్కొక్కటే ఊడదీసి, గుడ్డతో కాళ్ళు తుడిచి, మళ్ళీ గుచ్చి, స్విచ్చు వేశాడు. చీకటి మూలలో గాజు లోపల సన్నటి నిప్పు తీగలు మెల్లగా ఎర్రబడుతుంటే పనంతా మర్చిపోయి కాసేపు అలాగే చూస్తూ కూర్చున్నాడు. ఇన్నేళ్ళయినా ఆ ఎరుపు మారలేదు. దీనికి వయసు రాలేదు, నాకే వచ్చింది, అనుకున్నాడు.

బావ మెట్లు దిగివచ్చి, గుమ్మంలో నిలబడి, రెండు మోతలూ విన్నాడు. ఒకటి సీడీలోది, ఒకటి బావమరిదిది.

"ఏమోయ్, రెండూ ఒకేలా ఉన్నాయిగా!"

"నీకు మిక్సీ చప్పుడూ ఇదీ ఒకేలా ఉంటాయి బావా."

"మిక్సీ మేలు. చివరికి ఏదో ఒకటి తాగడానికి వస్తుంది," అని బావ వెళ్ళిపోయాడు.

అక్క క్లాసుకీ క్లాసుకీ మధ్య టీ తెచ్చింది. పెద్ద మనిషి, పెద్ద గొంతు. రోడ్డు మీద ఎవరైనా అడ్డదిడ్డంగా బండి నడిపితే, తన శిష్యుడు కాకపోయినా ఆపి చీవాట్లు పెడుతుంది. బల్ల మీద చెల్లాచెదరుగా పడున్న సామాను చూసి, కూర్చోలేదు.

"ఇంకా రాలేదా?"

"వస్తుంది."

"రెండుసార్లు వాయించి చూశావా? ఒకదాని మీద ఒకటి?"

"ఎందుకు? అప్పుడు ఒక్కసారే కదా వాయించింది. రెండో స్పీకరులోది, అప్పుడు రికార్డు చేసిన ముసలాయన ఏదో యంత్రం తిప్పి చేశాడు."

అక్క గ్లాసు అంచు మీద వేలు తిప్పింది. ఏదో అనబోయి, వీధిలో హారను వినబడితే అటు చూసింది. "సరే, టీ చల్లారిపోతుంది," అని వెళ్ళిపోయింది. అక్క అంత పొడిగా మాట్లాడి వెళ్ళిపోవడం అతను గమనించాడు. తనమీద జాలిపడుతోందనుకున్నాడు. ఆ టీ అతనికి దిగలేదు.

*

స్టూడియోలో ఆ మధ్యాహ్నం గొంతు లేడు. రికార్డిస్టు ఒక్కతే ఉంది. నిన్నటి మాట ఆమె ఎత్తలేదు, అతనూ ఎత్తలేదు. గొంతు మోచేయి మీట మీద ఆనడం ఆమె కూడా చూసిందేమో, ఇద్దరికీ తెలుసన్న సంగతి ఇద్దరి మధ్యా కుర్చీ వేసుక్కూర్చుంది.

"అప్పట్లో ఒకసారి వాయించిన టేకునే రెండుగా చేసి, ఒకదాన్ని కాస్త ఆలస్యంగా వదిలేవారు," అంది ఆమె. "అదే చేసి చూద్దామా?"

చేశారు. డబ్బాలో తల పెట్టి మాట్లాడినట్టు వచ్చింది.

"అక్క రెండుసార్లు వాయించమంది," అన్నాడు కరకర నవ్వుతూ.

"వాయించండి."

ఒకటి ఎడమ పక్కకి, రెండోది కుడి పక్కకి. వాయించి, అవతలి గదిలోకి వచ్చి విన్నాడు. మోత వెడల్పయింది. మొదటిసారిగా గదిలో గాలి కదిలింది. అయినా అద్దం ముందు నిలబడిన మనిషిలా ఉంది. ఇద్దరున్నట్టే ఉంటుంది, ఉన్నది ఒక్కడే.

"పాతది ఒక్కో పక్కా విడిగా విన్నారా ఎప్పుడైనా?" అంది ఆమె.

వినలేదు. ఎందుకు వింటాడు? తన మొహం ఎడమ సగం, కుడి సగం విడివిడిగా ఎవరు చూసుకుంటారు?

ఆమె ఎడమ పక్కది మాత్రమే ఉంచి అతని చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించింది. తనే. కుర్ర వయసులో ఉన్న తను. తొందర, మూడో కార్డుకి ముందు ఎప్పుడూ పడే చిన్న తడబాటు, తీగలు ఆపేటప్పుడు అరచెయ్యి బరువు. పాత చొక్కా వేసుకున్నట్టు ఉంది. నవ్వుకున్నాడు.

తర్వాత ఆమె కుడి పక్క పెట్టింది.

నవ్వు ఆగిపోయింది. అదే గిటారు, అదే పెడల్, అవే నాలుగు కార్డ్స్. చెయ్యి వేరే. మూడో కార్డు దగ్గర తడబాటు లేదు. తొందర లేదు. ప్రతి దెబ్బా తన వేళకు తాను వచ్చి, వచ్చిన పని చేసి, పక్కకు తప్పుకుంటోంది. ఎవరో తలుపు తీసుకుని తన ఇంట్లోకి వచ్చి, తనకంటే చక్కగా తన కుర్చీలో కూర్చున్నట్టు అనిపించి కరకర వెనక్కి తిరిగి చూశాడు. గదిలో రికార్డిస్టు తప్ప ఎవరూ లేరు.

"ఇది నేను కాదు," అన్నాడు.

"నాకూ అలాగే అనిపించింది అన్నా. మీరే అనాలని చూస్తున్నా."

"వేగం తగ్గించగలవా?"

సగానికి తగ్గించింది. మోత లావెక్కి, నిదానంగా, చెరువు అడుగునుంచి బుడగలు లేచినట్టు వచ్చింది. అతను కళ్ళు మూసుకున్నాడు. గిటారును పైనుంచి కిందికి కొడితే ముందు లావు తీగ మోగాలి, చివర సన్నతీగ. పుట్టినప్పట్నుంచీ అతని చెవికి అదే వరుస. ఇక్కడ ముందు సన్నతీగలు మోగుతున్నాయి. పెళుసుగా విరగడం అక్కడ. ఆ తర్వాత లావుతీగలు. గుర్రుమనడం అక్కడ. తను ఎడమ పక్క లావునుంచి సన్నానికి వస్తుంటే, కుడి పక్క ఆ మనిషి సన్నంనుంచి లావుకి వెళుతోంది. రెండూ దారిలో ఒకదాన్నొకటి దాటుకుంటున్నాయి. లోకం మెచ్చుకున్న కరకర అంతా ఆ దాటుకునే చోటే పుడుతోంది.

"కిందనుంచి పైకి కొట్టి ఉంటారేమో," అంది రికార్డిస్టు.

గిటారు తెచ్చుకుని కింద నుంచి పైకి కొట్టాడు. వరుస కలిసింది గానీ చేతిలో బరువు చాలలేదు. చెయ్యి కిందికి దిగుతుంటే వచ్చే బరువది. పైకి లేస్తుంటే రాదు.

"రెండో చరణం ముందు చూడండి," అంటూ ఆమె మళ్ళీ వినిపించింది. "ఇక్కడ మోత ఒక్క క్షణం మసకబారి మళ్ళీ తేరుకుంటుంది. టేపు లోపమనుకున్నా. కాదు, కుడి పక్కే ఉంది. ఎవరి చెయ్యో గిటారు మీది వాల్యూము బుడిపెకి తగిలింది."

"దాని దగ్గరికి చెయ్యెలా పోతుంది? అది కింద..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఒళ్ళో ఉన్న గిటారును మెల్లగా తిప్పాడు. మెడ ఎడమవైపు పోవాల్సింది కుడివైపు తిరిగింది. లావుతీగ నేలవైపుకి దిగింది, సన్నతీగ పైకొచ్చింది. వాల్యూము బుడిపె సరిగ్గా మోచేతి కిందికి వచ్చి కూర్చుంది. ఎడమచేతిని కిందికి దించి ఒక్క దెబ్బ కొట్టాడు. వేళ్ళు సరిగ్గా పడక వికారంగా మోగింది. కానీ విరిగింది. సన్నగా, పెళుసుగా, ముందు విరిగి, ఆ తర్వాత గుర్రుమంది.

అతని చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

ఎడమచేతివాటం మనిషి. తిరగేసి పట్టుకునే మనిషి. గిటారు నేర్పే మేష్టారు, "తిన్నగా పట్టుకోవడం రానివాళ్ళకి నేను నేర్పను," అని వెళ్ళగొడితే, వరండాలో కూర్చుని తమ్ముడి పాఠం అయ్యేదాకా కాళ్ళూపుకుంటూ ఉండిపోయిన మనిషి. అలాంటివాళ్ళు లోకంలో చాలామందే ఉండొచ్చు. అతనికి తెలిసింది ఒక్కరే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి.

*

ఆ సాయంత్రం డ్రైవింగ్ స్కూల్లో అక్క బోర్డు మీద నాలుగు రోడ్ల కూడలి గీస్తోంది. ఎడమచేత్తో. సుద్దముక్క కిరకిరమంటోంది. బెంచీల మీద నలుగురైదుగురు నేర్చుకునేవాళ్ళు.

"కుడిపక్కనుంచి వచ్చేవాణ్ణి చూడకపోతే ఏమవుతుంది?"

"గుద్దేస్తాడు మేడమ్."

"వాడు గుద్దడు. మనమే పోయి గుద్దుతాం. వాడు తన దారిన తాను వస్తుంటాడు పాపం."

కరకర గుమ్మంలో నిలబడి ఆ చెయ్యి వంక చూస్తున్నాడు. రోజూ చూసే చెయ్యే. మణికట్టు ఎత్తి, గీత గీసి, తన వేళకు తాను ఆగి, పక్కకు తప్పుకుంటున్న చెయ్యి. అంత పని చేసిన చెయ్యి ఇన్నేళ్ళుగా తన కంచంలో వడ్డిస్తూ, తన నెత్తిన మొట్టికాయలు వేస్తూ, కళ్ళముందే తిరిగింది.

అక్క తిరిగి చూసింది. తమ్ముడి మొహంలో ఏం కనబడిందో, సుద్దముక్క పెట్టేసింది. "పది నిమిషాలు బోర్డు చూస్తూ ఉండండి. ఎవరూ ఎవర్నీ గుద్దకండి," అని చెయ్యి దులుపుకుని బయటికొచ్చింది.

నేర్పే కారు వీధిలో ఆగి ఉంది. ఇద్దరూ అందులో కూర్చున్నారు. అతను నేర్చుకునేవాడి సీట్లో, ఆమె పక్కన, తన కాళ్ళకింద తన బ్రేకుతో.

"కుడి పక్క విన్నాను," అన్నాడు.

అక్క ఎదురుగా రోడ్డు వంక చూసింది. ఆమె కాలు దానంతటదే బ్రేకు మీదకు వెళ్ళింది, కారు ఆగే ఉన్నా.

"విన్నావా," అంది.

"ఎందుకు చెప్పలేదక్కా?"

"ఆ పాట రికార్డు చేసిన పొద్దున నీకు తోడొచ్చానుగా. నువ్వు భయంతో బాత్రూములో దూరావు. గుర్తుందా? ఒక టేకు అయింది, ఇంకోటి కావాలన్నాడు ముసలాయన. టేపు తిరుగుతోంది. గొంతుగాడు గడియారం చూసుకుంటున్నాడు. గిటారు కుర్చీలో ఊరికే కూర్చుని ఉంది. నేను తీసి ఒళ్ళో పెట్టుకున్నా. ముసలాయన, ‘అమ్మా, తిరగేసి పట్టుకున్నావ్’ అన్నాడు. తర్వాత ఇంకేం అనలేదు. పాటయ్యాక లేచి నిలబడ్డాడు, అంతే."

"నీకు ఆ పాట ఎలా వచ్చు?"

"ఎలా రాదు? పక్కగదిలో నువ్వు తప్పు వాయించినప్పుడల్లా నేను తల పట్టుకునేదాన్ని. నువ్వు బయటికి పోగానే అదే ముక్క సరిచేసి వాయించి, గిటారు ఉన్నచోటే పెట్టేసేదాన్ని."

"గొంతుకి తెలుసా?"

"తెలియకేం? ‘ఫోటోలు అచ్చయిపోయాయి, బ్యాండులో మేం ముగ్గురమే, ఈ సంగతి ఇక్కడితో వదిలెయ్’ అన్నాడు. ఊరుకుంటానా నేను? దులిపేద్దామనే లేచా." ఆమె స్వరం దిగింది. "సరిగ్గా అప్పుడే నువ్వొచ్చావు. మొహం కడుక్కుని, చొక్కా అంతా తడుపుకుని. ముసలాయన పాట వేశాడు. నువ్వు నోరు తెరుచుకుని విన్నావు. విని, నా వైపు తిరిగి, ‘అక్కా, ఇది నేనేనా? నేను ఇంత పెద్దగా ఉన్నానా?’ అన్నావు."

అతనికి గుర్తుంది. ఆ మాట అన్నట్టు గుర్తుంది. అక్క ఏం జవాబిచ్చిందో గుర్తులేదు.

"ఏమన్నావు నువ్వు?"

"నువ్వేరా అన్నాను. ఇంకేం అంటాను? నీ మొహం అలా వెలగడం అంతకుముందు నేను చూడలేదు. ఆ తర్వాత చెబుదామని చాలాసార్లు అనుకున్నా. అప్పటికే నీ పేరు కరకర అయిపోయింది. మనిషి పేరులోంచి సగం ఎలా లాక్కుంటాం?"

కరకర స్టీరింగు పట్టుకుని కూర్చున్నాడు. "ఇప్పుడూ వాయిస్తావా?" అన్నాడు.

"నువ్వు షాపులో మోటార్ల రొదలో ఉన్నప్పుడు. మధ్యాహ్నాలు. మీ బావ నిద్రపోతాడుగా, మిక్సీ అనుకుంటాడు."

ఎప్పుడు పెట్టె తెరిచినా గిటారు శ్రుతిలోనే ఉండేది. మంచి చెక్క, పాతబడ్డకొద్దీ నిలకడ వచ్చిందని అతను పదిమందికి గొప్పగా చెప్పుకున్నాడు. అది తలుచుకుని నవ్వబోతే కళ్ళలో నీళ్ళొచ్చాయి. సిగ్గుపడి మొహం కిటికీవైపు తిప్పుకున్నాడు. కిటికీ బయట నేర్చుకునే కుర్రాడొకడు వంగి చూస్తున్నాడు.

"మేడమ్, బోర్డు చూడటం అయిపోయింది."

"మళ్ళీ చూడు!" అని అరిచింది అక్క.

"రేపు స్టూడియోకి రా," అన్నాడు కరకర.

"నాకు క్లాసులున్నాయి."

"బావ చెబుతాడు."

"మీ బావ చెబితే వీళ్ళంతా ఫుట్‌పాత్ మీద నడుపుతారు," అంది. కానీ రానని అనలేదు.

*

అక్క లోపలికి రాగానే గొంతు లేచి నిలబడ్డాడు. జుట్టంతా నెరిసిన మనిషి, పదిమంది ముందు పాడటం అలవాటైన మనిషి, ఆమెను చూసి చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబులు తడుముకున్నాడు.

"నేనే వద్దన్నాను," అన్నాడు కరకరతో. "అప్పుడు అది చిన్న విషయంలా కనబడిందిరా. ఇన్నేళ్ళలో ఎప్పుడు చెప్పబోయినా పెద్దదైపోతూ వచ్చింది."

ఏం అనాలో కరకర రాత్రంతా కూడబెట్టుకునే వచ్చాడు. అక్క ముందే అందుకుంది.

"ఆ సంగతి తర్వాత తీరిగ్గా తిడతానులే. ముందు వాయించనియ్యండి. పదకొండింటికి నాకు రివర్సు క్లాసుంది."

గిటారు అందుకుని, తిరగేసి, ఒళ్ళో పెట్టుకుంది. బెల్టు కొక్కెం తప్పువైపు ఉండటంతో కాలు మీద కాలు వేసుకుని ఆనించుకుంది. ఎడమచేతి వేళ్ళు ఒకసారి విదిలించింది. రికార్డిస్టు వచ్చి మైకు ముట్టుకోబోయి, ముట్టుకోకుండానే వెనక్కి వెళ్ళింది. ముందురోజు కరకర వాయించిన ఎడమ పక్క టేకును ఆమె చెవుల్లోకి వదిలింది.

కరకర అద్దం ఇవతల నిలబడ్డాడు. ఎడమ స్పీకరులోంచి తన మోత మొదలైంది. ఆ వెంటనే కుడి స్పీకరులోంచి అక్కది.

మోత వచ్చింది. దాదాపు కాదు, చాలావరకు కాదు, అదే వచ్చింది. విరిగింది, గుర్రుమంది, రెండు గోడలకూ మధ్య నిలబడింది. బల్ల మీద టీ గ్లాసులో అలలు లేచాయి. రికార్డిస్టు చెయ్యి మీటల మీదినుంచి లేచి తన నోటి మీదకు పోయింది. గొంతు కుర్చీలో కూలబడ్డాడు. కరకరకి ఊపిరి తియ్యాలన్న ధ్యాసే లేదు. ఇన్నేళ్ళూ ఒక కొండను దూరంనుంచి చూసి అది తనదే అనుకున్నాడు. ఇప్పుడు దాని పాదం దగ్గర నిలబడి తలెత్తి చూస్తున్నాడు. చిన్నవాడైపోయాడు. ఆ చిన్నతనం అతనికి హాయిగా ఉంది.

నాలుగు కార్డ్స్ అయిపోయాయి. తీగలమీద అరచెయ్యి ఆనింది.

"ఏ పేరు పెట్టమంటారు దీనికి?" అంది రికార్డిస్టు, తెర మీద కుడి పక్క, వాయించినవాళ్ళ పేరుండాల్సిన ఖాళీ గడిని చూపిస్తూ.

"పేరు ఆవిడ చెబుతుంది," అన్నాడు గొంతు. "బ్యాండులో నలుగురం అని కూడా ఎక్కడ రాయాలో చెప్పమ్మా, అక్కడల్లా రాద్దాం."

అక్క హెడ్‌ఫోన్లు మెడలోకి దించుకుంది. ఆ మాటలకు మొహం విప్పారుతుందని కరకర చూశాడు. ఆమె ముఖం చిట్లించుకుని ఉంది.

"ఇదేనా మీకు కావలసింది?"

"ఇదే అక్కా! సరిగ్గా ఇదే."

"నాకిది అప్పుడూ నచ్చలేదు," అంది అక్క.

కరకర అద్దం దగ్గరికి వెళ్ళాడు.

"ఆ రోజు నీదాని పక్కన ఇమడాలని వాయించానురా. నువ్వు తొందరపడిన చోట నేనూ కాస్త తొందరపడి, నువ్వు మెత్తబడిన చోట మెత్తబడి. ఎవరికీ తెలియకూడదుగా. చెయ్యి సగమే దింపాను. ఇప్పుడూ అదే చేశాను, మీరు అదే అడిగారు కాబట్టి." రికార్డిస్టు వైపు తిరిగింది. "వాడి మోత నా చెవుల్లోంచి తీసెయ్యమ్మా. డ్రమ్స్ ఒక్కటి చాలు. ముందు నేను వాయిస్తా."

"పాతదానిలా ఉండదేమో మరి," అన్నాడు గొంతు నసుగుతూ.

రికార్డిస్టు డ్రమ్స్ వదిలింది.

అక్క చెయ్యి పూర్తిగా దింపింది.

కరకరకి తర్వాత ఆ మోత ఎలా ఉందో ఎవరికైనా చెప్పాలంటే మాట దొరికేది కాదు. ఒక్క గిటారు. రెండో పక్క ఖాళీ. అయినా ఆ ఖాళీ కూడా మోగుతున్నట్టే ఉంది. సన్నతీగలు గాజులా పగిలి, పగిలిన ప్రతి ముక్కా కిందికి రాలేలోపే లావుతీగలు వాటిని అరచేతిలో పట్టుకుంటున్నాయి. పాట అదే, కార్డ్స్ అవే, నడక మాత్రం ఆమెది. మూడో కార్డు దగ్గర అతను జీవితమంతా పరిగెత్తి దాటిన చోట ఆమె ఆగింది. ఆగి, చుట్టూ చూసి, తన వేళకు తాను కదిలింది. ఆ ఆగడంలో ఏముందో అప్పుడు వినబడింది అతనికి. పాట రాసినవాడు తనే. అక్కడ అంత చోటుందని తనకే తెలియదు.

అక్క వాయించడం ఆపింది. చెమట తుడుచుకుంది. గిటారును తిరగేసి, తిన్నగా, అతని వాటానికి పట్టుకుని అద్దంలోంచి రమ్మని సైగ చేసింది.

అతను లోపలికి వెళ్ళాడు. గిటారు చెక్క ఆమె ఒంటివేడికి వెచ్చగా ఉంది. బెల్టు వేసుకున్నాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. అక్క బయటికి పోలేదు. గోడకానుకుని, చేతులు కట్టుకుని నిలబడింది.

పాట వదిలారు. అతను మొదటి దెబ్బ ముందే వేసేశాడు.

"ఆగు," అంది అక్క.

మళ్ళీ వదిలారు. మొదటి రెండూ కలిశాయి. మూడో కార్డు దగ్గర అలవాటుకొద్దీ చెయ్యి ఎగిరి దూకింది. ఆమె అక్కడే ఉంది, అతను దాటిపోయాడు.

"తొందరేముందిరా? రోడ్డు ఎక్కడికీ పోదు. నేను కదిలాక కదులు."

గొంతు అద్దం అవతల తల వంచుకుని వింటున్నాడు. రికార్డిస్టు చెయ్యెత్తింది. కరకర వాచిన చూపుడువేలును ఒకసారి నొక్కుకుని, కళ్ళు మూసుకున్నాడు. కుడి చెవిలో అక్క బయల్దేరింది. ఒకటి. రెండు. మూడో దాని దగ్గర ఆమె ఆగింది. అతనూ ఆగాడు. ఊపిరి ఆగింది. ఆమె కదిలింది. అప్పుడు, ఆమె వెనకనే, అతను చెయ్యి దింపాడు.